వరుసలో ఉండిపోయిన నాగమణి

ఈ రోజు మా కాలేజీకి ఉద్యోగాలివ్వడానికి ఒక కంపెనీవాళ్లు వచ్చారు. ఇంటర్వ్యూల ఏర్పాటూ, కల్చరల్ కార్యక్రమాలూ రెండూ చూసేది నేనే. ఎవరొచ్చినా గేటు దగ్గర మా కోయ అమ్మాయిలు చేతులు పట్టుకుని వరుసగా ఆడే రేల ఆటతో స్వాగతం చెప్పిస్తాం. కంపెనీవాళ్లందరూ వచ్చాక వాళ్ల పెద్దాయన ఆలస్యంగా దిగాడు. ఆయన కోసం మళ్లీ ఆడమన్నాను. ఆలోపే లోపల ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. ఆ వరుసలో ఆడుతున్న ఫైనలియర్ నాగమణిని మైకులో మూడుసార్లు పిలిచి, రాలేదని పేరు కొట్టేశారు. డోలు మోతలో నేను పట్టించుకోలేదు.

“నీకు వినపడలేదా అమ్మా?” అన్నాను తర్వాత.

“ఇనవడ్డది సార్. నడుమ నేను చెయ్యి ఇడిస్తే వరుస తెగిపోతదని ఆగిన. ఇంకోసారి పిలుస్తరనుకున్న.”

లోపలికి వెళ్లి బతిమాలాను. లిస్టు అయిపోయిందన్నారు.

పోయేముందు పెద్దాయన ఆట చాలా బాగుందని మెచ్చుకుని, అమ్మాయిలతో ఫొటో అడిగాడు. నాగమణిని పక్కనే నిలబెట్టుకున్నాడు. ఆ పిల్ల నవ్వింది కూడా. ఫొటో తీసింది నేనే.

ఇప్పుడు దాన్ని కాలేజీ పేజీలో పెట్టమంటున్నారు. కింద ఏం రాయమంటారో మీరే చెప్పండి.