సుగుణ మేడమ్ మాట్లాడని రోజు

మొన్న మధ్యాహ్నం వార్డులో ఒక రోగి తల్లి స్టీలు డబ్బా మూత తీయగానే, ఉప్పేసి ఉడికించిన పల్లికాయల వాసన గుప్పుమంది. నల్లగొండలో నర్సుగా చేరి ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే చాలు, మక్తల్ దగ్గరి మా ఊళ్లో, మా ఇంటి ముందట ఉంటాను. ఎదురుగా పీట మీద సుగుణ మేడమ్, ఒడిలో పల్లికాయలు పోసుకుని.

ఆమె మా సర్కారు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేవారు. నాది బైపీసీ కాబట్టి నాకు ఒక్క పాఠమైనా చెప్పలేదు. అయినా ఇంటర్ అయిపోయిన పిల్లల్లో ఎవరు ఏం చేస్తున్నారో ఆరా తీస్తూ ఊళ్లు తిరిగేవారు. తెలంగాణ వచ్చిన కొత్తలు అవి. నాకు పాలమూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో కౌన్సెలింగ్ ద్వారా సీటు వచ్చింది. నాయిన బోరు కింది చేను అమ్మడానికి ఒక విత్తనాల వ్యాపారితో మాట అనుకున్నాడు. మాకు అన్నం పెట్టేది ఆ చేనొక్కటే.

ఆ సంగతి ఎవరు చెప్పారో, పల్లికాయ పీకే రోజుల్లో ఒక సాయంత్రం ఆమె మా ఇంటి ముందు ఆటో దిగారు. అమ్మ పెట్టిన కాయలు ఒలుచుకు తింటూ చాలాసేపు పంట గురించే అడిగారు. తరువాత మెల్లగా అన్నారు.

"అన్నా, చేను అమ్ముడు ఎప్పుడైనా ఉన్నది. ముందుగాల తిరిగియ్యక్కర లేనిది అడుగుదాం."

"తిరిగియ్యకుంట ఎవరిస్తరు మేడమ్?" అని నాయిన నవ్వాడు.

కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటు కనుక చదువు ఫీజు ప్రభుత్వమే కాలేజీకి కట్టే పథకం ఉందని ఆమె చెప్పారు. ఆదాయం, కులం సర్టిఫికెట్లు పెట్టి ఏటా మళ్లీ దరఖాస్తు చేయాలన్నారు. ఆ డబ్బు ఆలస్యంగా వస్తుందన్న సంగతి కూడా దాచలేదు. ఉండడానికి, తినడానికి సంక్షేమ హాస్టల్ ఉంది. ఇవన్నీ పోగా మిగిలే ఖర్చుకే బ్యాంకు ఇచ్చే చదువు లోను.

"లోనంటే అప్పే గద. పంట లోను తెచ్చి పడ్డ తిప్పలు సాలవా?" అన్నాడు నాయిన.

"పంట లోను పంట రాంగనే కట్టాలె. ఇది బిడ్డ చదువు అయినంక, నౌకరి దొరికెతందుకు జర టైమిచ్చి, అప్పుడు కట్టుమంటరు. వడ్డీ మాత్రం నడుస్తనే ఉంటది, అది యాదుంచుకో. గింత చిన్న లోనుకు చేను తాకట్టు పెట్టే పని లేదు."

అంతటితో ఆమె లేచి వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. "ఇప్పుడు నాకేం తెల్వదనుకో అన్నా. నువ్వు నాకు చెప్పు" అన్నారు. నాయినకు సంతకం తప్ప చదువు రాదు. తడబడుతూ మొదలుపెట్టాడు. తప్పిన చోటల్లా ఆపి మళ్లీ చెప్పించారు. మధ్యలో అమ్మ కూడా అందుకుంది. మా నాయిన చెబుతుంటే ఒక లెక్చరర్ అంత శ్రద్ధగా వినడం చూసి, నేను దీపం పెట్టడం కూడా మరిచిపోయాను.

మరుసటి వారం మక్తల్‌లో బ్యాంకుకు వెళ్లాం. మేడమ్ మా వెంట వచ్చారు గానీ, లోపలికి రాగానే గోడవారగా బెంచీ మీద కూర్చున్నారు. నాయిన ఒక్కడే కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆఫీసరు తలెత్తకుండానే, "పొలం పాస్‌బుక్కు తెచ్చినవా?" అని అడిగాడు.

నాయిన వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. ఆమె కదల్లేదు. చూపు తిప్పుకోనూ లేదు. నాకు కోపం వచ్చింది. ఒక్క మాట అంటే ఏం పోతుంది?

నాయిన భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "సార్, గింత చిన్న చదువు లోనుకు పొలం కాయితం పెట్టాలెనని ఏడ రాసున్నదో జర చూపెట్టుండ్రి. పెట్టాలెనంటే పెడత. అక్కర లేకుంటే నా చేనును గిండ్ల కలపకుండ్రి."

ఆఫీసరు తలెత్తి చూశాడు. లోపలికి వెళ్లి మేనేజరును అడిగి వచ్చాడు. "అక్కర లేదు పెద్దాయనా. సీటు కాయితం, ఫీజు వివరం ఇయ్యుండ్రి. కూసోండ్రి" అని కుర్చీ చూపించాడు. నాయిన ఆ కుర్చీలో అంచుమీద కూర్చున్నాడు.

బయటికొచ్చాక ఆగలేక అడిగాను. "మీరెందుకు మాట్లాడలేదు మేడమ్?"

"నేను మాట్లాడితే నీ ఒక్కదాని పని అయితది బిడ్డా. మీ నాయిన మాట్లాడితే మీ ఊరందరికి తెలుస్తది."

అలాగే అయింది. లోను వచ్చింది, చేను మిగిలింది. సర్కారు కట్టవలసిన ఫీజు ఆలస్యమై కాలేజీవాళ్లు గట్టిగా అడిగినప్పుడు కూడా నాయిన బెదరలేదు. "మేడమ్ ముందే చెప్పింది గద" అన్నాడు. మరుసటి ఏడు మా పక్కింటి పిల్లకు సీటు వస్తే, నాయిన ఆ పిల్ల తండ్రిని కూర్చోబెట్టుకుని అంతా చెప్పి, మళ్లీ అతని నోట చెప్పించుకున్నాడట.

మేడమ్ బదిలీ మీద దేవరకొండ వైపు వెళ్లిపోయారు. ఆమె కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, హాస్టళ్లలో ఉండి చదివారని తరువాతెప్పుడో ఇంకొకరు చెబితే తెలిసింది. ఆమె తన గురించి మాకు ఎప్పుడూ చెప్పలేదు.

డాక్టరును ఏమడగాలో తెలియక తలుపు దగ్గర తచ్చాడే మనుషులు నా వార్డులో రోజూ కనిపిస్తారు. వాళ్ల తరఫున నేనే అడిగితే నిమిషంలో అయిపోతుంది. అయినా పక్కన కూర్చుని, ఏమడగాలో చెప్పి, వాళ్ల చేతనే మళ్లీ అనిపిస్తాను. తలుపు తీసి లోపలికి పంపి, నేను బయటే ఆగిపోతాను. మొదట లోపలి నుంచి ఏమీ వినపడదు. వెళ్లి నేనే చెప్పేద్దామని కాలు ముందుకు పడబోతుంది. ఆ బెంచీ మీద ఆమె ఎంత కష్టపడి ఊరుకున్నారో అప్పుడు తెలుస్తుంది.