అక్టోబర్ రెండో గడి

రెండు వేల తొమ్మిది, డిసెంబర్ మొదటి వారం. గద్వాల పాత బస్టాండు వెనక సందులో నాకొక చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు ఏడాదంతా వచ్చినా మా పొయ్యి మండేది క్యాలెండర్ల సీజన్‌లోనే. దసరా వెళ్లగానే అయిజ నుంచి, ఇటిక్యాల నుంచి, వనపర్తి నుంచి దుకాణదారులు వచ్చి బొమ్మ ఎంచుకుని, కింద తమ పేరు వేయించుకుని పోయేవారు. తారీఖుల కాగితం మాత్రం నేనే తయారు చేసేవాణ్ణి. ఒక్కో రోజుకు ఒక చదరం, దాన్ని మేం గడి అంటాం. పంచాంగం చూసి తిథి, ఉర్దూ క్యాలెండర్ చూసి ముస్లింల నెల తారీఖు అందులో కూర్చాలి.

ఇంకా జాగా మిగిలితే ‘చరిత్రలో ఈ రోజు’ అని ఒక ముక్క వేయడం నా సొంత తెలివి. ఏప్రిల్ పదిహేనున టైటానిక్ ఓడ మునిగిందనీ, మన పంద్రాగస్టు నాడే, అంతకు చాలా ఏళ్ల ముందు, పనామా కాలువ కూడా తెరిచారనీ చదివి జనం ముచ్చటపడేవారు. చిక్కల్లా ఏమీ జరగని రోజులతోనే. గడి బోసిగా ఉంటే నాకు నిద్రపట్టదు. అందుకని ఒక మార్చి గడిలో ‘ప్రపంచంలో తొలి గొడుగు తెరుచుకున్న రోజు’ అని వేశాను. ఆ రోజున పాన్‌గల్‌లో గొడుగులు బాగుచేసే ఒకాయన దుకాణానికి మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కూడా కొట్టాడు. నేను చెప్పేదాంట్లో రూపాయికి పావలా నిజమని గద్వాలంతా ఎరుగుదురు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఆ పావలాలోది.

అయిజలో బసప్ప, ఇస్మాయిల్ అని ఇద్దరు స్నేహితులు పొత్తులో విత్తనాల దుకాణం నడిపేవారు. బసప్పది మాంసం ముట్టని లింగాయతుల ఇల్లు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లు తినేవారు. క్యాలెండర్‌కు దేవుడి బొమ్మ పెట్టడం కుదరక ఏటా చంటిపిల్ల బొమ్మ వేయించేవారు. విత్తనాల కోసం కాచుకున్న రైతులకు ఇస్మాయిల్ గోడ మీది నా చరిత్రను గట్టిగా చదివి వినిపించేవాడట. ఒకసారి ప్రెస్సుకొచ్చి, “అన్నా, గీ గొడుగు ముచ్చట నీకెవడు చెప్పిండే?” అని అడిగాడు. గొడుగే చెప్పిందన్నాను. “గట్లనా, నేను నువ్వు సూసినవేమో అనుకున్న, గంత వయసున్నట్లు కనవడ్తవు” అన్నాడు. బసప్ప నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఆ ఏడాది అక్టోబర్ రెండున తుంగభద్ర పొంగింది. ఒడ్డు ఊళ్లలో చిక్కుకున్నవాళ్లను తెద్దామని ఇద్దరూ పొద్దున్నే ట్రాక్టర్ తీసుకుని పోయారు. ఒక విడత జనాన్ని మెరక మీద దించి మళ్లీ వెళ్లారు. రెండోసారి తిరిగి రాలేదు. నీళ్లు తీశాక బసప్ప తుమ్మ చెట్ల మధ్య దొరికాడు. ఇస్మాయిల్ దొరకలేదు.

డిసెంబర్‌లో క్యాలెండర్ కోసం బసప్ప భార్య శరణమ్మ, ఇస్మాయిల్ తల్లి హుసేన్‌బీ కలిసి వచ్చారు. అప్పటిదాకా దుకాణం ఎత్తేశారేమో అనుకుంటున్నాను. చాయ్ తెప్పిస్తే ఇద్దరూ ముట్టలేదు.

“బొమ్మ ఎప్పటిదే వెయ్యన్నా. పని దానితోని లేదు” అంది శరణమ్మ. “ఏడాది మాసికం మా తిథికే పెట్టాలని మా బావ అంటుండు. ఈ అమ్మ తమ్ముండ్లేమో వాళ్ల నెల లెక్కకే బర్సీ చేయాలంటున్నరు. దినాలు ఏరైతే దుకాణం గూడ ఏరే అని రెండు దిక్కులా అంటున్నరు. మేమిద్దరం నడుపుకుంటమంటే ఎవరు ఇంటలేరు.”

హుసేన్‌బీ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని నా వైపు చూసింది. “తారీఖులు అచ్చేసేటోడివి గద కొడుకా. మా ఇద్దరి దినాలు ఒక్కకాడికి తేరాదా?”

పంచాంగం, ఉర్దూ క్యాలెండర్ పక్కపక్కన పరిచి చూశాను. షవ్వాల్ నెలలో ఆ రోజు వచ్చే ఏడు సెప్టెంబర్‌లోనే వచ్చేస్తోంది. ఆశ్వయుజంలో ఆ తిథేమో అక్టోబర్ మూడో వారానికి పోయింది. నడుమ దాదాపు నెల ఎడం. అదే చెప్పాను.

“ఆనాడు ఇద్దరి నెత్తి మీద ఒకటే చందమామ ఉండె” అంది ఆమె. “మరి లెక్క ఏరెట్లైంది?”

రెండు ఇళ్లవాళ్లూ చంద్రుణ్ణి బట్టే నెలలు లెక్కపెడతారు. కానీ వెనకబడిన లెక్క సరిచేయడానికి మన పంచాంగం అప్పుడప్పుడూ ఒక నెల ఎక్కువ వేస్తుంది, దాన్నే అధికమాసమంటారు. ఉర్దూ లెక్కలో అది లేదు. వచ్చే ఏడు వైశాఖం రెండుసార్లు వస్తోందనీ, అదే మధ్యలో దూరిందనీ వివరించాను. హుసేన్‌బీ అంతా విని, నెమ్మదిగా, “గొడుగు దినం పుట్టిచ్చినోడివి. మా వోడు చెప్పి నవ్వుతుండె. ఒక్క తిథి జరపలేవా?” అంది.

జరపగలను. కంప్యూటర్‌లో ఆ తిథిని చెరిపి సెప్టెంబర్ గడిలో పెడితే సరి. ప్లేట్, అంటే అచ్చుకు వాడే లోహపు రేకు, ఒకసారి తయారైతే ఇక అడిగేవాడుండడు. నా చేయి మౌస్ మీదికి పోయిన మాట కూడా నిజమే. కానీ ఆ తిథిని నమ్ముకుని ఎవరో ఒక్క పొద్దు ఉంటారు, ఇంకెవరో తమ తండ్రికి పిండం పెడతారు.

“అమ్మా, గొడుగు కోసం ఎవరూ ఉపాసం ఉండరు. తిథికి ఉంటరు” అన్నాను. ఆమె తల వంచుకుంది. అబద్ధం ఆడలేనన్నందుకు సిగ్గుపడటం నాకు అదే మొదలు.

శరణమ్మ అప్పటిదాకా గోడ మీది పాత క్యాలెండర్‌నే చూస్తోంది. లేచి వెళ్లి అక్టోబర్ కాగితం ఎత్తి, ఎర్ర అంకె మీద వేలు పెట్టింది. “గీడ పెట్టుకుంటే ఏమన్నా? గిది ఎటూ జరగదు గద.”

అది జాతిపిత పుట్టినరోజు. ఒక ప్రధాని పుట్టిందీ ఆ రోజే. దేశమంతా సెలవు. హుసేన్‌బీ పెదవి విరిచింది. “ఆ దినం కోత బందుంటది బిడ్డా. నా తమ్ముండ్లొచ్చి మాంసం ఏదంటే ఏం చెప్పాలె?”

“బందుంటేనే మంచిది అమ్మా. బగార అన్నం, గుత్తొంకాయ చేద్దం. ఒక్క గిన్నెల వండితే మా బావ గూడ తింటడు.”

ముసలామె, “ఇస్మాయిల్‌కు వంకాయ పడదు” అంది. అని, తనే, “ఆలుగడ్డ గూడ ఎయ్యి” అంది.

నేను ఆ గడిలో ఇద్దరి పేర్లు కొట్టి, పక్కన వర్ధంతి అని పెట్టి ప్రూఫ్ తీశాను. ప్రూఫ్ అంటే అచ్చుకు ముందు తప్పులు చూసుకునే కాగితం. శరణమ్మ చదివింది. హుసేన్‌బీ ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని కాగితాన్ని బల్ల మీద బోర్లించింది.

“బసప్ప దొరికిండు. నా కొడుకు దొరకలె. దొరకనోన్ని సచ్చినోడని అచ్చేస్తవా?”

శరణమ్మ ఆమె చేయి పట్టుకుంది. కొట్టేయమని నాకు కళ్లతోనే చెప్పింది. భర్త పేరు కూడా తనే తీసేయించింది. ఆఖరికి ఆ గడిలో ఇద్దరు మహానుభావుల పుట్టినరోజుల కింద మిగిలింది ఒక్క మాట: ‘దుకాణం ఉండదు.’

వెళ్లబోతూ గుమ్మం దగ్గర హుసేన్‌బీ ఆగింది. “మిగిలిన గడులల్ల నీ ముచ్చట్లు రాయకు కొడుకా. వాడొచ్చిన దినం రాసుకుంటం. ఏ దినమొస్తడో తెల్వదు గద, అన్ని ఖాళీగ ఉంచు.”

ఆ ఏడు ఆ దుకాణం క్యాలెండర్‌లో ఓడ మునగలేదు, కాలువ తెరుచుకోలేదు. చరిత్ర ఏమైందని రైతులు అడిగారట. మరుసటి అక్టోబర్ రెండున నేనూ వెళ్లాను. బసప్ప అన్న, హుసేన్‌బీ తమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఒకే గిన్నెలోది తిన్నారు. గోడ మీద చంటిపిల్ల కింద అక్టోబర్ నెల. ముందు నెలల కాగితాలు ఎత్తి చూశాను. జనవరి నుంచి ఒక్క గడిలోనూ పెన్ను గీత లేదు.

ఇన్నేళ్ల అచ్చు పనిలో నేను నేర్చింది అంతే. అప్పటినుంచి ఎవరికి వేసినా ఖాళీ గడిని ఖాళీగానే వదిలేస్తున్నాను. ఎందుకని అడిగినవాళ్లకు సిరా పిరమైందని అబద్ధం చెబుతాను.