చిన్నమ్మ మొహం, ఎవరిదో గొంతు

కొబ్బరినూనెలో రంగుపొడి కలిపిన వాసన ఆ రేకుపెట్టెలో ఇంకా ఉంది. పాడేరులో మా ఇంటి అటక దులుపుతుంటే దొరికిన ఆ పెట్టె మా చిన్నమ్మది. మూత తీయగానే, మొహానికి రంగు పూసుకుంటూ, కూనిరాగం తీస్తూ, అద్దంలోంచి నన్ను చూసి కన్నుగీటే మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టయింది.

మా అమ్మకు చెల్లెలు చిలకమ్మ. వలిసెపూలు కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు విరగబూసి, పొద్దున్నే మంచు చూరుల దాకా దిగి, అమ్మమ్మ పొయ్యి మీద సామల జావ ఉడుకుతూ, పెద్దవాళ్లు కాఫీ పళ్లు కోయడానికి బుట్టలు సర్దుకునే రోజుల్లో, ఆవిడ కొండకింది ఊళ్ల తీర్థాలకు, జాతరలకు పద్యనాటకాలు ఆడడానికి జీపెక్కి వెళ్లేది. వెళ్లేముందు రోడ్డు మలుపులో నిలబడి మాకోసం ఒక పద్యం ఎత్తుకునేది. ఆ రాగం అవతలి కొండకు తగిలి తిరిగొచ్చేదాకా పిల్లలం ఊపిరి బిగపట్టి లెక్కపెట్టేవాళ్లం. నాలుగు అనేసరికి వచ్చేసేది.

ఆ గొంతు విని ఎవరో ఆవిడను హైదరాబాదు తీసుకెళ్లారు. సీరియల్లో పెద్దకోడలి వేషం. మొదటిరోజు ఊరంతా మా ఇంట్లో చేరి, కాల్చిన పనసగింజలు నములుతూ టీవీకేసి చూసింది. చిన్నమ్మ వచ్చింది. పట్టుచీర, ఒంటినిండా నగలు, అదే ముక్కు. గడ్డం మీది పచ్చబొట్టు మాత్రం రంగు కింద కనపడకుండా పోయింది. నోరు తెరిచింది. సన్నగా, తీయగా, ఎవరిదో గొంతు వచ్చింది.

అమ్మమ్మ లేచి టీవీ వెనక్కి వెళ్లి చూసొచ్చింది.

“మన యాస పనికిరాదన్నారమ్మా. వేరే ఆవిడ నా మాటలు సెప్తాది, డబ్బింగంటారు,” అని చిన్నమ్మ ఫోన్లో చెప్పింది. అమ్మమ్మకు అర్థం కాలేదనుకుంటే పొరపాటే, అర్థమయ్యే భయపడింది. మా ఊళ్లో మనిషి నోట వేరే గొంతు పలికితే లోపలికి ఎవరో వచ్చారని లెక్క. చేటలో బియ్యం పోసి ముందుపెట్టి, నువ్వెవరని అడుగుతారు. వచ్చినవాళ్లు పేరు చెప్పి వెళ్లేదాకా ఆ మనిషిని పేరుపెట్టిగానీ వరసపెట్టిగానీ పిలవరు. పిలిస్తే వచ్చినవాళ్లే పలుకుతారట, ఇక ఉండిపోతారట. ఆనాటి నుంచి సీరియల్ వేళకు టీవీ ముందు చేట ఉండేది.

“ఎవులు నువ్వు? మా గుంట గొంతు ఏటి సేసినావు?” అని అమ్మమ్మ నిలదీసేది. తెరమీది చిన్నమ్మ ఆ తీయని గొంతుతో అత్తగారికి జవాబు చెప్పుకునేది. మేమెవరం నవ్వేవాళ్లం కాదు.

మూడేళ్లకు, కొత్తసామలు వండుకునే పండక్కి, చిన్నమ్మ కారులో వచ్చింది. అమ్మమ్మ గుమ్మంలో చేట పెట్టుకుని కూర్చుంది.

“ఎవులు నువ్వు?”

ఆటపట్టిద్దామనుకుందో, అలవాటైపోయిందో, “నేనేనమ్మా, మీ చిలకని,” అంది చిన్నమ్మ. అచ్చంగా ఆ టీవీ గొంతు. తనూ ఉలిక్కిపడి మెడ మీద చెయ్యేసుకుంది. తర్వాత మలుపు దాకా నడిచి, కొండకేసి తిరిగి పద్యం ఎత్తుకుంది. మేం లెక్కపెట్టాం. నాలుగయింది, పదయింది, ఇరవై అయింది. కొండ ఏమీ తిరిగివ్వలేదు.

అమ్మమ్మ అన్నం పెట్టింది గానీ పేరుపెట్టి పిలవలేదు. “ఓపాలి పిలవ్వే అమ్మా,” అని చిన్నమ్మ కారెక్కబోతూ కూడా బతిమాలింది. అమ్మమ్మ పోయేదాకా ఆ పిలుపు రానేలేదు. అమ్మమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే.

చిన్నమ్మ కూడా పోయింది. ఆ మలుపులో ఇప్పుడు సెల్ఫీలు దిగేవాళ్ల కార్లు, జీపుల్లేవు, పద్యాల్లేవు. పెట్టె ముందు కూర్చుని ఆ పద్యం గుర్తుచేసుకోబోతే నా చెవుల్లో పలికింది టీవీ గొంతే. సొంత గొంతు ఎలా ఉండేదో ఎంత వెతికినా దొరకలేదు. ఏడుపొచ్చింది.

అప్పుడే పక్కగదిలో మా అమ్మాయి ఫోన్లో ఏదో కొత్త సీరియల్ మొదలైంది. వెళ్లి చూశాను. ఎవరో పాతికేళ్ల పిల్ల, ఎన్నడూ చూడని మొహం, నోరు తెరిచి “నేనేనమ్మా” అంది. సన్నగా, తీయగా. చేట సంగతి నాకు గుర్తొచ్చేలోపే, “చిన్నమ్మా,” అని పిలిచేశాను.