మా మామ కడ్డీలకు నూనె పూసిన రోజు

మొన్న ఆదివారం టాంపినీస్ అనే పేటలో మా అమ్మాయి ఫ్లాట్‌కి భోజనానికొచ్చిన వాళ్లలో ఒకాయన, బ్యాంకులో కంప్యూటర్ పని చేసేవాడు, అంకుల్ అప్పట్లో ఇక్కడే ఉండేవారటగా, ఏం చేసేవారు అని మర్యాదగా అడిగితే, నేను నోరు విప్పేలోపే మా అల్లుడు కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అండీ అని నా తరఫున చెప్పేశాడు. నాకు ఒళ్లు మండింది. మేనేజ్‌మెంటూ లేదు, మన్నూ లేదు, ఇనుప కడ్డీల తుప్పు గోకేవాణ్ణి అన్నాను. అమ్మాయి కళ్లతో సైగ చేసింది. మనవరాలు మాత్రం "తాతా, హ్యాండ్స్‌తోనా? సో డర్టీ లా!" అని ఇక్కడి యాసలో నవ్వింది. అవును తల్లీ, చేతుల్తోనే. యాభై దాటాక నేర్చిన అక్షరాలివి, వంకరగా ఉంటే సర్దుకోండి గాని, చేసిన పని పేరు మాత్రం మార్చి రాయను.

కంప్యూటర్ చదువులవాళ్లు మన ఊళ్ల నుంచి విమానాల నిండా ఈ పరాయి దేశంలో దిగుతున్న రోజులవి. వాళ్లు కూర్చోడానికి జురాంగ్ ఈస్ట్ వైపు అద్దాల మేడలు లేస్తుంటే, వాటిలో కాంక్రీటు పోయకముందు కడ్డీల మీద పొరలుగా లేచిన తుప్పును తీగబ్రష్‌తో రాల్చడం మా ముఠా పని. చొక్కా ఎరుపు, జుట్టు ఎరుపు, ఉమ్మితే అదీ ఎరుపే. ఎప్పుడైనా మమ్మల్ని చేరవేసే లారీ రాక రైలెక్కితే మా పక్క సీట్లు ఖాళీగా ఉండిపోయేవి, మేమూ సిగ్గుపడకుండా కాళ్లు బారజాపి కూర్చునేవాళ్లం.

మా మేనమామ అప్పుడే కొత్తగా వచ్చాడు. శ్రీకాకుళం పక్క మాకు కొడవలి పనయ్యాక నూనె రాసి చూరులో దోపడం అలవాటు. మేం రుద్దిన కడ్డీలు వాన పడితే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడతాయని బెంగపడి, మేం టీకి దిగినప్పుడు, చెక్కలకు కాంక్రీటు అంటుకోకుండా పూసే నూనె డబ్బా తెచ్చి, ఒక్క కడ్డీ వదలకుండా ఎంతో శ్రద్ధగా పూసేశాడు. కాంక్రీటు ఇనుమును గట్టిగా పట్టుకుంటేనే గదా మేడ నిలిచేది, నూనె ఉంటే పట్టు ఎక్కడిది?

"ఏటి మామా, కడ్డీలకు తలంటు పోశావా? కుంకుడుకాయలేవీ?" అని మావాళ్లు పడీపడీ నవ్వారు.

"కొడవలికి రాస్తే తుప్పట్టదు గదరా, దీనికేటొచ్చింది?" అన్నాడు మామ బిక్కమొహంతో.

ఇంజినీరు నవ్వలేదు. ఈ ముసలాయన్ని ఊరికి పంపెయ్యమన్నాడు. అలా తిప్పి పంపిన మనిషి ఊళ్లో ఏ మొహంతో తిరగాలో మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా? తమిళ సూపర్‌వైజర్ నా దగ్గరకొచ్చి, "నేనేం చేసేది అన్నా, పెద్దాయన పెట్టె సర్దుకోవాల" అన్నాడు.

నేను బ్రష్ కింద పడేశాను. "అయితే నా పెట్టె కూడా సర్దించు. పొద్దున కాంక్రీటు లారీలొస్తాయి, ఈ నూనె మీరే కడుక్కోండి" అన్నాను. మళ్లీ వంగి బ్రష్ తీయలేదు. నా వెనక ఒకటొకటిగా మిగతా బ్రష్‌లూ నేల మీద పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంజినీరు మమ్మల్నీ, మబ్బునీ చూసి, పొద్దుగూకేలోపు శుభ్రం చేస్తే ముసలాయన ఉంటాడు, లేదంటే అందరూ విమానమే అన్నాడు. సబ్బుపొడి, నీళ్లు, గుడ్డలు తెచ్చుకుని కడ్డీల మధ్య దూరి కడిగాం, అందరికన్నా ముందు మామ. పొద్దు వాలేవేళ ఇంజినీరు తన తెల్ల రుమాలుతో ఒక కడ్డీని తుడిచి, రుమాలు వంక చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు. మామ ఉండిపోయాడు, ఒళ్లు సహకరించినన్నాళ్లు నా పక్కనే పనిచేశాడు, రైలెక్కినా ఎవరూ కూర్చోని నా పక్క సీట్లో ఆయనే కూర్చునేవాడు. తలంటు మాట మాత్రం చివరిదాకా ఆయన్ని వదల్లేదు.

ఇప్పుడు కడ్డీలు ఫ్యాక్టరీలోనే పంజరాల్లా కట్టి తెస్తున్నారు, ఎవరి ఉమ్మీ ఎర్రబడదనుకుంటా, మంచిదే. నిన్న రైల్లో అటు వెళుతూ ఆ మేడ చూశాను, చెక్కుచెదరకుండా ఉంది. అందులో తిరిగేవాళ్లకు మామ తెలియదు, మామ కూడా ఇప్పుడు లేడు. మా అమ్మాయి ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా వేసుకున్నాను గదా, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి నాకు భుజం ఆనించి కూర్చుని కునుకు తీశాడు. అప్పటిలా నా పక్క సీటు ఖాళీగా ఉంటే బాగుండేదనిపించింది. అది మామ సీటు.