లేవమంటే లేవలేదు

నా చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి, పోతూ పోతూ నా రెండు చెవుల్నీ పట్టుకుపోయింది. అప్పటికి నేర్చుకున్న తెలుగు నోట్లో మిగిలింది గానీ, బయటి మాట ఒక్కటీ లోపలికి వచ్చేది కాదు. ఎనభైల మొదట్లో సంగతి. కువైట్‌లో మా నాన్న షువైఖ్ గ్యారేజీలో మెకానిక్కు, కాపురం అబ్బాసియాలో. అక్కడి ఇండియన్ బడికి తీసుకెళితే, ఇలాంటి పిల్లని మేం చూడలేం, ఊరికి పంపించెయ్యండి అన్నారట. ఊళ్ళో మాత్రం నాకోసం ఎవరు బడి కట్టి కూర్చున్నారు? అమ్మ ఏడ్చింది. నాన్న టిక్కెట్టు కోసం వాకబు మొదలెట్టాడు.

మాతోనే ఉండే మా మేనత్త మాత్రం మండిపడింది. అత్తయ్య మిష్రిఫ్‌లో ఒక విల్లాలో నడిచే చిన్న బడిలో ఆయా. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడుకునే లెబనాన్ వాళ్ళు, ట్యునీషియా వాళ్ళు, వాళ్ళ పిల్లల్లో చెవులు వినబడనివాళ్ళకీ, చదువు తొందరగా ఎక్కనివాళ్ళకీ పెట్టిన బడి అది. పెదవులు చూసి మాట పట్టుకోవడం, గొంతు తడిమి పలకడం నేర్పేవారు. నాకు కావలసింది అదే కదా! అత్తయ్య వెళ్ళి పెద్ద మేడాన్ని అడిగింది. ఇళ్ళలో పనిచేసిన అలవాటు, అక్కడి యజమానురాళ్ళని పిలిచినట్టే ఆవిణ్ణి కూడా మామా అనే పిలిచేది. మీ పిల్లకి ఫ్రెంచి రాదు, కుదరదు, ఖలాస్ అందట ఆవిడ. మా అత్తయ్య ఊరుకుంటుందా? వచ్చీరాని అరబ్బీలో తను అడిగింది ఇంటికొచ్చి మాకు నటించి చూపించింది. "దానికి తెలుగే వినబడదు మామా! ఫ్రెంచి వినబడకపోతే కొత్తగా పోయేదేముంది?" మేడం నవ్విందట గానీ ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య నాకు నూనె రాసి, రెండు జడలు బిగించి, తనతోపాటు బడి వ్యాను ఎక్కించేసింది. వ్యాను నడిపే కడప భాయ్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. దారిలో అత్తయ్య నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, పెదవులు సాగదీస్తూ చెప్పింది. "కుర్చీలో కూర్చో. లేవమంటారు. లేవకు. నీకు వినబడదు కదే!" నాకు నవ్వాగలేదు. అప్పటిదాకా నా చెవుడు చూసి ఇంటిల్లిపాదీ ఏడవడమే నాకు తెలుసు. దాన్ని ఇలా వాడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

తరగతిలో ఒక ఖాళీ కుర్చీ చూసి నన్ను కూర్చోబెట్టి, అత్తయ్య తుడుపుగుడ్డ పట్టుకుని బయటికి జారుకుంది. కాసేపటికి టీచరమ్మ నన్ను గమనించి పెద్ద మేడాన్ని పిలుచుకొచ్చింది. ఆవిడ గుమ్మంలో నిలబడి లెమ్మని చెయ్యి ఊపింది. నేను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను. కుర్చీ అంచులు గట్టిగా పట్టుకున్నాను, లేవలేదు.

టీచరమ్మ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అందరు పిల్లలతో చేసినట్టే నా చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుని "దెబూ" అంది. లేచి నిలబడు అని దానర్థం, నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, నా అరచేతి కింద ఆవిడ గొంతు అదిరింది. అమ్మో! జ్వరం తర్వాత మొదటిసారి బయటి మాట ఒకటి నా దాకా వచ్చింది. రెండో చెయ్యి నా గొంతు మీద వేసుకున్నాను. ఆవిడ పెదవుల్లాగే పెదవులు పెట్టి, అదే అదురు వచ్చేలా గొంతు చించుకుని అరిచాను. "దెబూ!"

అంతే, నా పెదవులనే చూస్తున్న పిల్లలంతా కుర్చీలు వెనక్కి నెట్టి లేచి నిలబడ్డారు. కూర్చున్నది నేనొక్కదాన్నే.

పెద్ద మేడం తలుపు పట్టుకుని పడీ పడీ నవ్వింది. ఫ్రెంచి రాదన్న పిల్ల నోటి మాటకి తరగతి తరగతే లేచి నిలబడితే ఇంకేమంటుంది పాపం! రేపటి నుంచి పిల్లకి కూడా టిఫిను తెమ్మని అత్తయ్యకి చెప్పింది. నా చదువు ఆ కుర్చీలోనే మొదలైంది.

ఆ తర్వాత నన్ను లేచి వెళ్ళమన్నవాళ్ళకి లెక్కలేదు. కాలేజీలో గుమాస్తా, ఉద్యోగాల దగ్గర పెద్దమనుషులు, నీవల్ల కాదమ్మా అని పెదవులు బాగా కదిపి మరీ చెప్పారు. పెదవులు చదవడం వచ్చినదాన్ని, వాళ్ళు చెప్పింది ప్రతి అక్షరం అర్థమైంది. వినబడలేదు, అంతే. ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.