ఆషాఢంలో అమ్మిన ఇల్లు

హనుమాన్ జంక్షన్ బస్టాండులో కూర్చుని, నూజివీడులో మా ఇల్లు అమ్మే విషయం బ్రోకర్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. మా ఆయన పోయి అప్పటికి కొన్ని నెలలైంది.

"పెరట్లో మామిడి పూతకొచ్చేదాకా ఆగండి. అప్పుడు చూపిస్తే మంచి ధర వస్తుంది," అన్నాడతను. సరేనన్నాను. ఎవరేం చెప్పినా సరేననే రోజులవి.

ఫోన్ పెట్టేశాక పక్కనున్నావిడ నా వైపు తిరిగింది. రెడ్డిగూడెం వెళ్లాలట.

"మేమూ పూత టైములోనే అమ్మామండీ. ధర బాగానే వచ్చింది. కానీ ఇప్పుడు ఎక్కడ పూత వాసనొచ్చినా ఆ ఇల్లే గుర్తొస్తుంది. బంగారంలాంటి నెల పాడుచేసుకున్నాను. మీకు అక్కర్లేని నెలేదైనా ఉంటే అందులో అమ్మేయండి."

ఇంతలో ఆమె బస్సు వచ్చింది. సంచి తీసుకుని వెళ్లిపోయింది.

నేను ఆషాఢంలో అమ్మాను. బ్రోకర్ తల పట్టుకున్నాడు. ఆషాఢం పట్టింపు లేని ఒక క్రిస్టియన్ టీచరుగారు, తక్కువ ధరకే కొనుక్కున్నారు.

తాళాలిస్తుంటే ఆవిడ మొహమాటంగా అడిగారు. "కొన్నాళ్లు ఆగాల్సింది కదండీ. ఈ నెల్లోనే ఎందుకు?"

"నిరుడు మా ఆయన పోయింది ఈ నెల్లోనేనండీ," అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ఏడుపు రాలేదు.