పక్కన పెట్టిన ఎముకలు

ఏసురత్నం పని చేసే గదికి యూనివర్సిటీ వాళ్లు పెద్ద పేరే పెట్టి బోర్డు కూడా కొట్టారు. కానీ క్యాంపస్‌లో ఎవర్నైనా అడగాలంటే ఎముకల గది అనే అడగాలి, లేకపోతే దారి చెప్పేవాడుండడు. మానవశాస్త్ర విభాగం కింది అంతస్తులో, వరండా చివర ఉంటుందది. ఇరవై తొమ్మిదేళ్లుగా దాని తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ఈలోగా ప్రొఫెసర్లు వచ్చారు, రిటైరయ్యారు, ఇద్దరు గోడ మీద ఫొటోలు కూడా అయ్యారు. ఏసురత్నం మాత్రం అటెండరుగా చేరి అటెండరుగానే ఉండిపోయాడు. పుర్రెల దుమ్ము దులపడం, ఎముకల మీద నంబరు చెరిగిపోతే మళ్లీ ఇంకుతో దిద్దడం, అడిగినవాళ్లకి తీసివ్వడం, సాయంత్రం మళ్లీ సర్దిపెట్టడం. అదీ ఉద్యోగం.

వాళ్ల నాన్న తెనాలి దగ్గర్నుంచి వచ్చి మిషన్ స్కూల్లో గుమాస్తా చేశాడు. కొడుకుని టీచర్ని చెయ్యాలని ఆయన కోరిక. కొడుకేమో ఇంటర్ తప్పి ఎముకల దగ్గర తేలాడు. చర్చిలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే, "యూనివర్సిటీలో" అని చెప్పి మాట మార్చేసేవాడు.

అయినా ఏ వస్తువునైనా అన్నేళ్లు పట్టుకుంటే చేతికి చదువొస్తుంది. నడుము కింద, రెండు తుంటి ఎముకల మధ్య ఇరుక్కుని ముక్కోణపు ఎముక ఒకటుంటుంది. పుస్తకాల్లో దాన్ని త్రికాస్థి అంటారు. పైన రెండు భుజాలు, కింద సన్నటి కొస, మధ్యలో నరాలు బయటికి రావడానికి నాలుగు జతల రంధ్రాలు. అలాంటివి ఆ గదిలో నూట నలభై రెండున్నాయి. చాలావాటికి భుజాలు బల్లపరుపుగా ఉంటాయి, ఇడ్లీ పెట్టినా నిలుస్తుంది. కొన్నింటికి మాత్రం భుజాలు ముందుకి జారిపోయి, పై రంధ్రాలు గుండ్రంగా కాకుండా సాగి ఉంటాయి. వాటికి ఏసురత్నం జారుభుజాలని పేరు పెట్టుకున్నాడు. అటెండరు పెట్టిన పేరు కాబట్టి అది ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

పన్నెండేళ్ల కిందట వెంకటకృష్ణ అనే కుర్ర డాక్టరు ఆ గదికి వచ్చాడు. ఎముకల డాక్టరు కావడానికి చదువుతున్నాడు. థీసిస్ రాయాలి. తుంటి వెనకభాగం విరిగితే ఒళ్లంతా కొయ్యక్కర్లేదట. పక్కన చిన్న గాటు పెట్టి, ఎక్స్‌రే మిషన్లో చూసుకుంటూ, పొడవాటి స్క్రూ ఒకటి ఆ ముక్కోణపు ఎముకలోకి దించి బిగిస్తే చాలట. కాకపోతే ఆ స్క్రూ దారి పొడుగునా ఎముక లోపలే ఉండాలి. ముందుకి తప్పిందంటే కాలికి వెళ్లే నరానికి తగులుతుంది. ఎంత వాలుగా దించాలి, లోపల చోటెంత ఉంటుంది అన్నవి కొలవడానికి ఆయన కాలిపర్ పట్టుకుని నలభై రోజులు కూర్చున్నాడు.

మొదటిరోజే ఆయన ఒక మాటన్నాడు. "నిలబడతావేంటి రత్నం, కూర్చో."

డాక్టరు చదివేవాడు పక్కన స్టూలు వేసి కూర్చోమన్నాడు. అప్పటిదాకా ఆ గదిలో ఏసురత్నాన్ని కూర్చోమన్నవాళ్లు లేరు. మనిషిని కట్టిపడెయ్యడానికి అంతకంటే ఏం కావాలి? టీ తెచ్చిపెట్టాడు. ఆయన అడక్కముందే తరవాతి ఎముక చేతికందించేవాడు.

రెండోవారంలో వెంకటకృష్ణ కాగితాలు చూసుకుని తల పట్టుకున్నాడు. "రత్నం, ఈ భుజాలు జారినవి నా టేబుల్ మొత్తం పాడుచేస్తున్నాయి. సగటు కుదిరి చావట్లేదు. వాటిని పక్కన పెట్టేసి నార్మల్‌వే ఇవ్వు."

ఏసురత్నం ఒక్క మధ్యాహ్నంలో నూట నలభై రెండూ ఏరేశాడు. కాలిపర్ అక్కర్లేదు, బొటనవేలితో ఇలా రాస్తే చాలు. జారుభుజాలు ముప్ఫై ఒకటి తేలాయి. పాత నూనె డబ్బా పైరేకు కోసి, అడుగున గుడ్డ పరిచి, అందులో సర్దాడు. తెల్ల ప్లాస్టరు అతికించి 'పక్కన పెట్టినవి' అని రాసి బీరువా మీదకెక్కించాడు.

"మా ప్రొఫెసర్‌కి కూడా ఇంత కన్ను లేదు రత్నం," అన్నాడు వెంకటకృష్ణ.

థీసిస్ అచ్చయింది. కృతజ్ఞతల పేజీలో చివరి వరసలో 'శ్రీ ఏసురత్నం, అటెండరు' అని ఉంది. ఆ పేజీ జిరాక్స్ తీయించి ఇంటికి తీసుకెళ్తే భార్య సాలమ్మ దాన్ని తన బైబిల్లో పెట్టుకుంది. తరవాత వచ్చిన డాక్టర్లంతా ఆ థీసిస్ చూసుకునే వచ్చారు, కొలవడానికి ఆ నూట పదకొండే అడిగారు. డబ్బా కిందికి దిగలేదు.

సాలమ్మ చర్చిలో బైబిల్ ఉమన్. ఆమె కొలువంతా నడకే. పొద్దున్నే క్వార్టర్స్‌లోంచి బయల్దేరి తార్నాక, లాలాపేట, బౌద్ధనగర్ సందుల్లో గడపగడపా ఎక్కి ప్రార్థన చేసి వచ్చేది. జ్వరమొచ్చినవాళ్లు, పిల్లలు కలగనివాళ్లు, మొగుడు తాగొచ్చి కొట్టినవాళ్లు ఆమె కోసం చూసేవారు. ఆటో ఎక్కమంటే వినేది కాదు. నడుస్తుంటేనే ఎవరి కోసం ఏం అడగాలో తెలుస్తుందనేది.

కిందటేడాది ఫిబ్రవరిలో, తార్నాకలో మెట్రో స్తంభం పక్కన రోడ్డు దాటుతుంటే రాంగ్ సైడులో వచ్చిన ఆటో ఆమెని పడగొట్టి ఒక పక్కకి ఒరిగింది. క్యాంపస్ వాచ్‌మన్ ఉప్పలయ్య పరిగెత్తుకొచ్చి ఎముకల గది తలుపు బాదాడు. "రత్నమన్నా, వదినె రోడ్డు మీద పడ్డదే. లేస్తలేదు. ఏ దవాఖానకు తీస్కపోదం?"

ఏసురత్నం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మన సార్ దగ్గరికి," అన్నాడు. వెంకటకృష్ణ అప్పటికి సికింద్రాబాద్ వైపు ఒక ఆస్పత్రిలో తుంటి ఆపరేషన్లకి పేరు పడ్డాడు.

సార్ గుర్తుపట్టాడు. భుజం మీద చెయ్యి వేశాడు. తుంటి వెనకాల విరిగిందని చెప్పి, ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి అడ్డంపెట్టి చూపించాడు. "రెండు చిన్న గాట్లు, రెండు స్క్రూలు. రేపే చేసేద్దాం. నెలన్నరలో మళ్లీ నడిపిస్తా."

ఏసురత్నం ఫిల్ము వైపు చూశాడు. భుజాలు జారి ఉన్నాయి. పై రంధ్రాలు సాగి ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి లోపల ఆ డబ్బాలోని ఎముక ఉందని ఆయనకి ఆ కిటికీ దగ్గరే తెలిసింది.

"సార్," అన్నాడు.

"చెప్పు రత్నం."

"ఇది మన డబ్బాలోవాటిలా ఉంది సార్."

"ఏ డబ్బా?"

సార్‌కి గుర్తులేదు. ఆయన వెనక ముగ్గురు జూనియర్లు నిలబడి ఉన్నారు. అందులో ఒకతను నవ్వు ఆపుకుంటూ పక్కకి చూశాడు. డాక్టరుకి ఎముక గురించి చెప్పబోతున్న అటెండరు తన కంటికే వింతగా కనపడ్డాడు ఏసురత్నానికి. ఇంకో రెండు మాటలు చాలు, డబ్బా గుర్తొచ్చేది. ఇన్నేళ్లుగా ఆ నోటికి బాగా వచ్చిన మాట మాత్రం ఒక్కటే.

"ఏం లేదు సార్."

"భయపడకు. నీ ఎముకల మీద నేర్చుకున్న పనేగా ఇది," అని సార్ వెళ్లిపోయాడు. మంచం మీద సాలమ్మ మొగుడి మొహమే చూస్తోంది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. గాట్లు చూస్తే నిజంగానే చిన్నవి, వేలెడు కూడా లేవు. మర్నాడు నర్సు వచ్చి కాలివేళ్లు పైకెత్తమంది. ఎడమపాదం లేచింది. కుడిపాదం లేవలేదు. సాలమ్మ మళ్లీ మళ్లీ ప్రయత్నించింది, దుప్పటి కింద అది అలాగే పడి ఉంది.

స్కాన్ తీశారు. పై స్క్రూ భుజం దగ్గర ఎముక దాటి ముందుకి వచ్చి నరాన్ని నొక్కుతోంది. నాలుగోరోజు మళ్లీ తీసుకెళ్లి ఆ స్క్రూ తీసేశారు. నరం కోలుకుంటుందేమో ఆరు నెలలు చూద్దామన్నారు. ఆరు నెలలు చూశారు. ఏడాది చూశారు. సార్ దాచలేదు, తప్పించుకోనూ లేదు. మొహం వాడిపోయి, "కొందరికి ఎముక తీరే వేరుగా ఉంటుంది రత్నం. లోపల దారి ఇరుకు. అరుదు," అన్నాడు.

నూట నలభై రెండింటిలో ముప్ఫై ఒకటి. ప్రతి అయిదుగురిలో ఒకరు. అరుదా? సార్ చదివిన లెక్కల్లో అరుదే మరి. దాన్ని అరుదు చేసిన బొటనవేలు ఎవరిదో ఏసురత్నానికి తెలుసు. ఆ సంగతి ఆయన సార్‌కి చెప్పలేదు. చెప్పి ఏం లాభం అనుకున్నాడు. లాభం ఉన్న రోజునే చెప్పనివాడు ఇప్పుడు చెబుతాడా?

అయినా ఒక పని చేశాడు. ఈ జూన్‌లో డబ్బా దించి, ముప్ఫై ఒకటీ తుడిచి, బీరువాలో ఎవరి నంబరు చోట వాళ్లని పెట్టాడు. ప్లాస్టరు పీకేశాడు. పదిరోజులకి శ్రీలలిత అనే పీజీ అమ్మాయి వచ్చింది. త్రికాస్థులన్నీ కావాలంది. నూట నలభై రెండూ బల్ల మీద పరిచాడు. "అన్నీ కొలవండమ్మా," అని రెండుసార్లు చెప్పాడు. ఎందుకో ఆ అమ్మాయి అడగలేదు, ఈయన చెప్పలేదు.

మూడోరోజు సాయంత్రం తాళం వెయ్యడానికి వెళ్తే, ఆ అమ్మాయి నూనె డబ్బా వెతికి తీసి ఎముకలు అందులో పేరుస్తోంది. "ఇవి తేడాగా ఉన్నాయి అంకుల్. మా గైడ్ పక్కన పెట్టమన్నారు. మీకు పని లేకుండా నేనే ఏరేశాను," అని నవ్వింది. ఒద్దికైన పిల్ల. ఒక్కటి కూడా తప్పు ఏరలేదు.

"మంచిదమ్మా," అని డబ్బా అందుకుని బీరువా మీద పెట్టాడు ఏసురత్నం.

ఇంటికొచ్చేసరికి సాలమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పాదం వేలాడకుండా చెప్పులో ప్లాస్టిక్ బద్ద పెట్టుకుంటుంది. అది ఉన్నా అడుగు నేలకి రాసుకుంటుంది. రెండు సందులు కూడా తిరగలేకపోతోంది. చర్చివాళ్లు మర్యాదగానే ఇంకొకామెని పెట్టుకున్నారు. ఇప్పుడు సాలమ్మకి మిగిలింది ఒకటే ఆలోచన. నడక కోసమే పుట్టానన్న మనిషికి దేవుడు కాలెందుకు తీసుకున్నాడన్నది.

దానికి ఆమె జవాబు కూడా కనిపెట్టుకుంది. బౌద్ధనగర్‌లో లచ్చవ్వ అని ముసలామె, సాలమ్మని ఆటో గుద్దకముందు ఒకసారి, మంచంలో ఉండి కబురు చేసింది. ఆవేళ వాన. రేపు వెళ్దాంలే అని సాలమ్మ ఆగింది. తెల్లారేసరికి లచ్చవ్వ పోయింది. "నడవాల్సిన రోజు నడవలేదు కదండీ. అందుకే," అంటుంది. ఏడాదిగా ఇదే మాట. కూరగాయలు తరుగుతూ అంటుంది, జడ వేసుకుంటూ అంటుంది.

ఇద్దరూ సాయంకాలం ప్రార్థనకి కూర్చున్నారు. బైబిల్ తెరవగానే పసుపుబారిన జిరాక్స్ కాగితం ఒళ్లో పడింది. సాలమ్మ దాన్ని తీసి, ఆయన పేరున్న చోట వేలితో తుడిచి మళ్లీ లోపల పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఆ రోజు ఫిల్ము చూసి డాక్టరుగారితో ఏదో అనబోయి ఆగిపోయారు. ఏంటండీ అది?"

చెబితే లచ్చవ్వ రుణం తీరిపోతుంది. తప్పు వానది కాదు, దేవుడిది కాదు, నీది అసలే కాదని ఒక్క మాటతో ఆమెని విడిపించొచ్చు. ఏసురత్నం ఆమె పాదం వైపు చూశాడు. చెప్పాక ఆమె తన వైపు ఎలా చూస్తుందో తలుచుకున్నాడు.

"ఏం లేదు," అన్నాడు.

సాలమ్మ సరేనని తల ఊపింది. కొంగు నెత్తి మీదకి లాక్కుని, కళ్లు మూసుకుని, వాన రోజున లచ్చవ్వ దగ్గరికి వెళ్లనందుకు తనని క్షమించమని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టింది. చాలాసేపు అడిగింది. ఆమె ముగించాక ఏసురత్నం ఆమెన్ అన్నాడు.